చెక్కబాట మీద మగ్గం మాట

ఆ మిల్లుకి రెండు గేట్లు. ముందు గేటు బట్టకి, వెనక గేటు ఆ బట్ట నేసేవాళ్ళకి. బట్ట లారీ ఎక్కి తారురోడ్డు మీద దర్జాగా పోతుంది. నేసే ఆడవాళ్ళు మాత్రం తెల్లారీ తెల్లారకముందే ఇల్లు వదిలి, మడుగు మీద వేసిన చెక్కబాట పట్టుకుని, జమ్ముగడ్డి మధ్యలోంచి ఒకరి వెనక ఒకరు నడిచి వెనక గేటు చేరాలి. ముందు గేటు దగ్గర మనుషులు లారీలకి అడ్డం వస్తున్నారని మేనేజరు చెప్పాడు. మనిషి లారీకి అడ్డమా, లారీ మనిషికి అడ్డమా అని ఎదురు అడిగిన నోరు ఒక్కటే. ఆ నోరున్న మనిషిని అందరూ సైరనక్క అంటారు.

కరెంటు పోతే మిల్లు సైరన్ ఆగుతుంది గానీ మా అక్క ఆగదు అని మూడో షెడ్డు ఆడవాళ్ళు చెప్పుకుంటారు. ఆ పేరంటే ఆమెకి కోపం లేదు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ రోజూ వరసకి ముందు ఆమే నడుస్తోంది. చలి వెనకడుగు వేసి పాములు బయటికొచ్చే కాలం. అందుకని అన్నం డబ్బా మూత మీద చెంచాతో టంగు టంగున వాయిస్తూ, రెండో చెయ్యి చెక్క రెయిలింగు మీద జార్చుకుంటూ పోతోంది. వెనక కోడలు. కోడలి వెనక షెడ్డు షెడ్డంతా. ఒకామె మొగుడి గురకని తిడుతోంది. ఇంకొకామె పిల్లకి పన్ను వస్తున్న సంగతి చెబుతోంది. మూడో ఆమె ఆ రెండూ వినకుండానే రెండింటికీ సమాధానాలు ఇస్తోంది. బాటకి ఇటూ అటూ ఎండిన జమ్ము దుబ్బుల మొదట్లో పచ్చటి మొలకలు కత్తిమొనల్లా నీళ్ళు చీల్చుకుని లేస్తున్నాయి. పొగమంచు నీళ్ళ మీద నుంచి కదలాలా వద్దా అన్నట్టు ఉంది. ఎవరూ అటు చూడలేదు. గేటు మూసేలోపు చేరాలన్న ధ్యాస ఉన్నవాళ్ళకి మడుగంటే నడవాల్సిన దూరం, అంతే.

మలుపులో ఒక గుంజ ఉంది. దాని మీద ఒక కాకి. తోకలో నడిమి ఈక లేదు. చలికాలం మొదలైనప్పటి నుంచీ రోజూ ఆ వేళకి అక్కడే ఉంటుంది.

"వచ్చావా నా బంగారం!" అని సైరనక్క రొట్టె ముక్క తుంచి విసిరింది. "మనుషులకి లేని విశ్వాసం చూడండే దీనికి. ఒక్కరోజు నాగా పెట్టదు."

"మా అత్తయ్యకి నాకంటే ఆ కాకే ముద్దు" అంది కోడలు.

"అవునే మరి. అది ఎదురు చెప్పదు."

వరసంతా నవ్వింది. ఆ నవ్వుకి జమ్ములోంచి ఏవో రెక్కలు టపటపమని లేచాయి. అది కూడా ఎవరూ చూడలేదు.

మలుపు తిరిగాక కొత్త బోర్డు కనపడింది. దాని పక్కన మడుగు కాపలావాడు నిలబడి ఉన్నాడు. సన్నటి కాళ్ళు, పొడుగు మెడ, గంటలకొద్దీ కదలకుండా నిలబడే అలవాటు. అందుకే అతన్ని కొంగ అంటారు. చీపురుకట్టంత మీసం పెదవుల్ని పూర్తిగా కప్పేస్తుంది. వీళ్ళు ఎదురుపడినప్పుడల్లా ఆ మీసం కదులుతుంది. ఏదో జపం చేసుకుంటాడని వీళ్ళ నమ్మకం. ఇప్పుడూ కదిలింది.

"ఏంటయ్యా ఆ గొణుగుడు? నోట్లో వక్కలున్నాయా?" అంటూనే సైరనక్క బోర్డు వైపు తిరిగింది. కోడలు పైకి చదివింది. పక్షులు గూళ్ళు పెట్టే కాలమట. సోమవారం నుంచి ఈ దారి మూసేస్తారట.

ఒక్క క్షణం చెంచా ఆగింది.

"మూసేస్తారా? అయితే మేమెటు పోవాలి? ఎగరాలా?"

చుట్టూ తిరిగి పోయే దారి ఒకటుంది. రాళ్ళ లారీలు పరిగెత్తే రోడ్డు అంచున, దీపాలు లేని చీకట్లో, ఇప్పుడు లేచేదానికి గంట ముందు లేచి పోవాలి. కొంచెం ఆలస్యమైతే గేటు మూత, ఆ రోజు పని పోయినట్టే. ముందు గేటు ఒకసారి మూశారు, ఇప్పుడు వెనక దారి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"పిట్టకి గూడు కావాలి, నిజమే. మాకు కూడు అక్కర్లేదా?" సైరనక్క గొంతు మడుగు అవతలి గట్టుకి తగిలి తిరిగొచ్చింది. "వినవయ్యా కొంగా, సోమవారం తాళం వేసేదెవరో నేనూ చూస్తా. ఈ బోర్డు పీకి పొయ్యిలో పెట్టకపోతే నా పేరు సైరనే కాదు!"

"అదీ!" అని వరసంతా డబ్బాలు మోగించింది. కొంగ రెండు చెవులూ మూసుకున్నాడు. మీసం మళ్ళీ కదిలింది.

షెడ్డులో మగ్గాలు మొదలయ్యాక మనిషి మాట మనిషికి అందదు. అరిచినా అందదు. అందుకే అక్కడ నోటితో పనిలేని మాట ఒకటి పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు, కొత్తగా చేరిన పిల్ల నెల తిరిగేసరికి నేర్చేసుకుంటుంది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి గిర్రున తిప్పితే నూలు కండె అయిపోయిందని. మణికట్టు మీద రెండుసార్లు తడితే మేనేజరు వస్తున్నాడని. మిగిలింది పెదవుల కదలిక చూసి అల్లుకుంటారు. ఆ మాటల్లోనే పెళ్ళి సంబంధాలు కుదిరాయి, తగాదాలు తీరాయి, మేనేజరు ఎదురుగా ఉండగానే మేనేజరు మీద జోకులు పేలాయి.

ఆ రోజు బోర్డు కబురు మొదటి మగ్గం నుంచి చివరి మగ్గం దాకా చేతుల మీదుగానే పాకింది. సైరనక్క పని మధ్యలో కూడా పళ్ళు నూరుతూనే ఉంది. మగ్గం ఒకటి మొరాయిస్తే దాని చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు సగం మూసి నిలబడింది. మగ్గం లోపలి జబ్బు ఆమెకి చేతికి తెలుస్తుంది. పోగు మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె దెబ్బ తేడాగా ఉంది. ఆపి, సర్ది, మళ్ళీ నడిపించింది. ఈ అరచేతికి తెలిసినంత కూడా ఆ పైవాళ్ళకి తెలియదు కదా అనుకుంది.

భోజనం వేళ మేనేజరు గది ముందు నిలబడింది.

"గుడ్ల కాలం అయ్యేదాకా ముందు గేటు తీయండి సార్."

"పిట్టలతో నాకేం పనమ్మా? మడుగువాళ్ళతో మాట్లాడుకోండి" అని అతను చేతిగడియారం చూసుకున్నాడు. మణికట్టు సైగ ఊరికే పుట్టలేదు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కొంగ బాటకి అడ్డంగా నిలబడ్డాడు. మీసం కదిలింది. సైరనక్క విసుక్కుంది.

"ఆ పొద పక్కకి జరిపి మాట్లాడవయ్యా! ఏం చెబుతున్నావో ఎవడికి తెలుస్తుంది?"

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకున్నాడు. అప్పుడు పెదవులు కనపడ్డాయి. పెదవులు కనపడ్డాక మాట కూడా తెలిసింది.

"చలికాలం నుంచీ ఒకటే చెబుతున్నానమ్మా. మెల్లగా మాట్లాడుకోండి, మెల్లగా మాట్లాడుకోండి అని."

"మెల్లగానే కదా మాట్లాడుకుంటున్నాం!"

అతను మీసం వదలకుండానే అడిగాడు. "మీ సెలవు ఎప్పుడు?"

"గురువారం."

"తెల్లారి నాతో వచ్చి కూర్చోండి. మీవాళ్ళు బాట దాటేదాకా చూడండి. ఆ తర్వాత కూడా బోర్డు పీకుతానంటే పలుగు నేనే ఇస్తా."

వెనక నుంచి కోడలు, "వెళ్ళండి అత్తయ్యా, కొంగ పక్కన కొంగలా కూర్చోవడం మీవల్ల అవుతుందేమో చూద్దాం" అంది.

అందుకే వెళ్ళింది. కోడలి ఆ మాట పడక.

బాట నుంచి పక్కకి చీలిన చిన్న చెక్క అరుగు మీద, జమ్ము తడికె చాటున కూర్చున్నారు. సైరనక్క కూర్చోవడం అంటే పని అయ్యాక నడుం వాల్చడమే గానీ, ఊరికే కూర్చోవడం ఎరగదు. కాసేపు చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ళు రుద్దుకుంది. కొంగ మాటలో అబద్ధం ఎక్కడ దొరుకుతుందా అని చూస్తోంది.

ముందు ఏమీ కనపడలేదు. నీళ్ళు, గడ్డి, అంతే. తర్వాత ఒకటొకటిగా విడివడింది, చిక్కుపడ్డ నూలులో కొస దొరికాక మిగతాది తనంతట తాను వదులైనట్టు. జమ్ము కంకులు కిందటేటివి, పగిలి దూది కక్కుతున్నాయి. బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చి ఆ దూది నోటినిండా కుక్కుకుని, మూతి కనపడకుండా ఎగిరిపోయింది. "దొంగముండ, కండెల గదిలోంచి ఎత్తుకుపోయినట్టు పోతోంది" అని నవ్వుకుంది. అరుగు అంచున నీళ్ళలో గాజుపూసల ముద్దలాంటిది తేలుతోంది, ప్రతి పూసలో ఒక నల్ల చుక్క. కప్పగుడ్లని కొంగ మీసం ఎత్తి చెప్పాడు. వంగి చూస్తే ఒక చుక్క మెలి తిరిగింది. లోపల ప్రాణం ఉంది! ఇన్నేళ్ళూ దీని పక్కనుంచే డబ్బా వాయించుకుంటూ పోయింది.

ఒక తుంగపోచ మీద ఏదో బురద పురుగు పాకుతూ వచ్చి ఆగింది. దాని వీపు చిట్లింది. చిట్లిన చోటు నుంచి తడి ముద్ద ఒకటి బయటికొచ్చి, ముడతలు పడ్డ రెక్కలు మెల్లగా విప్పుకుంది, తడిపి పిండిన పలచటి గుడ్డ ఆరేసినట్టు. తూనీగ! పాత వొళ్ళు ఖాళీ చొక్కాలా పోచకే వేలాడుతోంది. సైరనక్క ఊపిరి బిగబట్టి చూసింది. ఏ మగ్గం మీద నేశారమ్మా ఈ రెక్క! పోగు లావు తెలియడం లేదు, ఎక్కడా ముడి లేదు. నాణ్యం చూసేవాడు భూతద్దం పెట్టి వెతికినా ఒక్క తప్పు దొరకదు.

కొంగ మోచేత్తో పొడిచి ఎదురుగా చూపించాడు. జమ్ము మొదట్లో కుళ్ళిన నాచు కుప్ప తేలుతోంది.

"చెత్త" అంది ఆమె.

"గూడు" అన్నాడు, ఎత్తిన మీసం వదలకుండా.

ఆ చెత్త మీద మునుగుడు కోడి కూర్చుని ఉంది. పిడికెడు పిట్ట. మెడ మీద ఇటుకరంగు, తోక ఉండీ లేనట్టు. ఎందుకో లేచింది. లేచి వెంటనే దిగలేదు. ముక్కుతో తడి నాచు పోచ ఒకటి లాగి గుడ్ల మీద వేసింది. ఇంకొకటి లాగింది. అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి. సందు మిగిలిందేమో చూసుకుని అక్కడో పోచ. పసిబిడ్డకి దుప్పటి సర్దే పని కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చేయరు. గుడ్లు పూర్తిగా మాయమై మళ్ళీ చెత్తకుప్పే మిగిలాక, నీళ్ళు కదలకుండా జారి మునిగిపోయింది. ఎక్కడో దూరాన బుడుంగున తేలింది.

"కప్పేసిపోయింది" అంది సైరనక్క, తనకి తెలియకుండానే గొంతు తగ్గించి. "తలుపు గడియ పెట్టుకుని పోయినట్టు."

"అదే దాని బతుకు. కప్పే తీరిక ఉంటే గుడ్లు కాకి ముక్కుకి దొరకవు."

పిట్ట తిరిగొచ్చి, నాచు తొలగించుకుని, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. దాని గొంతు ఉబ్బింది. ముక్కు తెరుచుకుంది, వణికింది.

"విన్నారా?" కొంగ కళ్ళు మెరిశాయి. "గులకరాళ్ళు దొర్లినట్టు లేదూ?"

సైరనక్కకి ఏమీ వినపడలేదు.

పక్కన కప్ప గొంతు కూడా బుడగలా ఉబ్బుతోంది, తగ్గుతోంది. చప్పుడు లేదు. జమ్ములో పిట్టలు నోళ్ళు తెరుస్తున్నాయి. చప్పుడు లేదు. మడుగు మడుగంతా మాట్లాడుతోంది, తనకొక్కదానికే తలుపు వేసి ఉంది. షెడ్డులో గోల ఎక్కువ కాబట్టి వినపడదు అనుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కడ గోల ఏదీ?

"ఆఁ, విన్నా" అంది. అని అటు తిరిగి కూర్చుంది. తారురోడ్డు మీద దర్జాగా పోయే బట్ట గుర్తొచ్చింది. అందులో ఎన్ని మూరలకి తన రెండు చెవులూ పోయాయో.

అప్పుడు ఒక చప్పుడు వినపడింది. దూరం నుంచి, రేకుల షెడ్డు కూలుతున్నట్టు. ఆమెకి కూడా వినపడిందంటే అది చిన్న చప్పుడు కాదు. అది దగ్గరికొచ్చింది. అందులోంచి కోడలి గొంతు విడిగా తెలిసింది.

"ఇవాళ ఒక్కరోజే కాస్త పడుకున్నా తల్లీ! మా అత్తయ్య లేస్తే ఇంట్లో గోడలక్కూడా నిద్రుండదు! ఎవరితో అనకే!"

ఆ రహస్యం అవతలి గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. బాతుల గుంపు ఒక్కసారిగా లేచింది. దూది పిట్ట నోట్లోని దూది జారవిడిచింది. మునుగుడు కోడి మెడ నిక్కించి, గూట్లోంచి నీళ్ళలోకి దూకేసింది. ఒక్క పోచ లాగలేదు. గుడ్లు తెల్లగా, దాచుకోవడానికి దిక్కులేకుండా, అలా ఉండిపోయాయి.

వరస దాటిపోతుండగానే గుంజ మీద నుంచి ఒక నల్లటి ముక్క విడివడింది. తొందరేమీ లేదు దానికి. వచ్చి గూటి మీద వాలి, అటూ ఇటూ చూసి, ఒక గుడ్డు పొడిచి ముక్కున కరుచుకుంది. తిరిగి ఎగిరినప్పుడు తోక విప్పింది. నడిమి ఈక లేదు.

సైరనక్క ఆ తోక కనుమరుగయ్యేదాకా చూసింది.

"అది రోజూ మీకోసమే కూర్చుంటుందమ్మా" అన్నాడు కొంగ మీసం ఎత్తి.

"రొట్టె కోసమనుకున్నా."

"రొట్టె ఆఖర్న తింటుంది."

పలుగు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు భోజనం వేళ షెడ్డు వెనక గోడ నీడలో చెప్పింది. చెప్పడం ఆమెకి కొత్త కాదు. కానీ ఈసారి చెబుతుంటే అందరి మొహాలూ ముడుచుకున్నాయి.

"అంటే ఏంటక్కా, పిట్టగుడ్డు కోసం నేను చీకట్లో లారీల కింద పడాలా?" అని గురక మొగుడి పెళ్ళాం లేచింది. "మొన్న బోర్డు పీకుతానన్నదెవరు? కొంగ ఏం మంత్రం వేశాడు నీకు?"

"దారి మూయనివ్వను. అప్పుడన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మన నోళ్ళు మూద్దాం అంటున్నా. అడుగుల చప్పుడుకి అవి లేవవట. లేపేది మన గొంతులే."

"మనమేం అరుస్తున్నామా? మామూలుగా మాట్లాడుకుంటాం, అంతేగా!"

"అదే నేనూ అనుకున్నా." సైరనక్క కోడలి వైపు తిరిగింది. "మీ అత్త లేస్తే గోడలక్కూడా నిద్రుండదా?"

కోడలి మొహం పాలిపోయింది. "అయ్యో! అది... గుసగుసగా చెప్పా అత్తయ్యా!"

"నీ గుసగుసకి బాతులు ఊరు వదిలి పోయాయి."

నవ్వు పగిలింది. ఆ నవ్వు మధ్యలోనే ఒక్కొక్కరి మొహంలో ఏదో దిగింది. పన్ను పిల్ల తల్లి మెల్లగా, అంటే తను మెల్లగా అనుకున్నంతగా అంది: "మా ఇంట్లో పాపకి జోల పాడితే అది ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఎందుకా అనుకున్నా." గోడ అవతల మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఆ గోడని సైరనక్క చూసిన చూపుకి ఇటుకలు రాలాల్సింది.

"చెవులు పోయాయి, నిజం. చేతులు పోలేదుగా?" అంది. "షెడ్డులో నోరు లేకుండా పెళ్ళిళ్ళు చేశాం. బాట మీద ఆ కాస్త దూరం నడవలేమా?"

"మరి పాములు?"

"కాళ్ళు గట్టిగా వేసి నడువు. పాముకి చెవుల్లేవే, నీకులాగే."

శనివారం ప్రయత్నం చేశారు. మూతులు బిగించి, చేతులు ఆడిస్తూ బాట ఎక్కారు. సగం దూరం బాగానే జరిగింది. మలుపులో గుంజ మీద కాకిని చూడగానే సైరనక్క ఒంట్లో రక్తం ఉడికింది. "దొంగవెధవా! పో!" అని అరిచిన అరుపుకి మడుగులో రెక్కలున్నదల్లా లేచింది. ఒకరి తర్వాత ఒకరు కిసకిసలు మొదలుపెట్టి, చివరికి వరసంతా రెయిలింగు పట్టుకుని నవ్వింది. కొంగ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంకో గుడ్డు పోయింది.

ఇంటికెళ్ళాక కోడలు పెదవుల మీద వేలు పెట్టి చూపించి గిన్నెలు కడుక్కుంది. అత్త మాట్లాడకుండా ఊరుకుంది. ఆ ఇంట్లో అది మొదటిసారి.

సోమవారం మడుగు ఆఫీసరమ్మ తాళంతో వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మలుపు దగ్గర రెయిలింగుకి ఆనుకుని, వరస వచ్చే చప్పుడు కోసం చెవి రిక్కించి, మడుగు వైపు చూస్తూ నిలబడింది. పక్కన కొంగ నిలబడ్డాడు.

పొగమంచులోంచి సైరనక్క ముందుగా వచ్చింది. డబ్బాని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. చెంచా ఇంట్లోనే వదిలేసింది. ఆమె వెనక చేతులు మాట్లాడుతున్నాయి. మునివేళ్ళు తిరుగుతున్నాయి, అరచేతులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గురక మొగుడు చేతుల్లో గురక పెట్టాడు. పాప పన్ను చిటికెనవేలి గోరుగా మారి మనిషి నుంచి మనిషికి వెళ్ళింది. ఎవరో మణికట్టు తట్టి మేనేజరు నడక నడిచి చూపిస్తే భుజాలన్నీ ఊగాయి, గొంతు ఒక్కటీ బయటికి రాలేదు. కాళ్ళు మాత్రం చెక్కల మీద దిటవుగా పడుతున్నాయి.

కాకి గుంజ మీదే ఉంది. సైరనక్కని చూసి తల వాల్చింది. ఆమె రొట్టె తీయలేదు. నోట్లో బూతు నాలుక కొసదాకా వచ్చింది. మింగింది. అంత పెద్ద ముద్ద ఆమె జన్మలో మింగి ఉండదు.

జమ్ము మొదట్లో మునుగుడు కోడి మెడ నిక్కించింది. ఎర్రటి మెడ అటు తిరిగింది, ఇటు తిరిగింది. సైరనక్క నడక ఆపలేదు. ఆపితే భయపడుతుందని ఎందుకో తోచింది. ఒక అడుగు, ఇంకో అడుగు. పిట్ట మెడ కొంచెం కొంచెంగా కిందికి దిగింది. ఈకలు సర్దుకుంది. గుడ్ల మీదే కూర్చుంది.

ఆఫీసరమ్మ ఇంకా మడుగు వైపే చూస్తోంది. పక్కన ఏదో కదిలినట్టై తిరిగి చూసేసరికి ఆమె మోచేతి దగ్గర సైరనక్క ఉంది, ఆ వెనక కనుచూపు మేర ఆడవాళ్ళు. ఆఫీసరమ్మ ఉలిక్కిపడి తాళం జారవిడిచింది. అది చెక్కల మీద పడితే ఆ చప్పుడుకి మడుగంతా లేచేది. సైరనక్క దాన్ని గాల్లోనే పట్టుకుంది, తెగిన పోగు కొస పట్టుకున్నంత చురుగ్గా.

"మీరెప్పుడొచ్చారు?" అంది ఆఫీసరమ్మ ఊపిరితో. ఆమెకి మీసం లేదు కాబట్టి ఆ మాట చక్కగా తెలిసింది.

సైరనక్క పెదవుల మీద వేలు పెట్టుకుని, తాళం ఆమె చేతిలో పెట్టింది.

ఆఫీసరమ్మ గూటి వైపు చూసింది. వరస వైపు చూసింది. వరస తనని దాటి పూర్తిగా పోయేదాకా కదలకుండా నిలబడింది. పిట్ట లేవలేదు. గుంజ మీద కాకి ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడి, చివరికి విసుగెత్తి ఊరివైపు ఎగిరిపోయింది. ఆఫీసరమ్మ తాళం కోటు జేబులో వేసుకుని, కొంగతో రెండు మాటలు అంది. కొంగ బాట చివరిదాకా పరుగెత్తుకొచ్చి మీసం ఎత్తాడు.

"పిల్లలు బయటికొచ్చేదాకా ఇలాగే నడిస్తే దారి ఉంటుందట. ఒక్కరోజు తప్పినా తాళమేనట."

అప్పటికి చెక్కబాట అయిపోయి మిల్లు గోడ వచ్చేసింది. గేటు దగ్గర మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. సైరనక్క చుట్టూ చూసింది. ఇక్కడ గూళ్ళు లేవు. గొంతు సవరించుకుంది.

"సార్! మడుగులో నోరు మూసుకుని వచ్చాం. ఆ మిగిలిన గొంతంతా మీకే! ముందు గేటు సంగతి ఒకటి, మా చెవుల సంగతి ఒకటి. రెండూ తేలేదాకా రోజూ ఇదే వేళకి, ఇదే గొంతు!"

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు మిల్లు సైరన్ మోగిందో లేదో చాలామంది గమనించలేదు.

ముందు గేటు ఇంకా తెరుచుకోలేదు. ఆ గొడవ నడుస్తోంది. చెవులకి పెట్టుకునే దూది మాత్రం ఒక పెట్టె వచ్చింది. అది ముష్టి అని సైరనక్క మేనేజరు మొహం మీదే అంది. ముష్టిదైనా పెట్టుకోండే అని కొత్త పిల్లలకి తనే చెవుల్లో కుక్కింది.

ఒకరోజు మలుపు దగ్గర ఆమె అడుగు ఆగిపోయింది. గూడు ఖాళీగా ఉంది. కళ్ళు గుంజ మీదికి పోయాయి, కాకి లేదు. అప్పుడు జమ్ము చాటు నుంచి మునుగుడు కోడి మెల్లగా ఈదుకుంటూ బయటికొచ్చింది. వీపు కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. రెక్క సందులోంచి ఒక తల పొడుచుకొచ్చింది, నలుపూ తెలుపూ చారలతో, అచ్చం మూడో షెడ్డు చారల గుడ్డ. పక్కనే ఇంకో తల. తల్లి వీపు మీద పడవెక్కిన షావుకార్లలా కూర్చుని లోకాన్ని చూస్తున్నాయి. సైరనక్క గుండెల్లోంచి ఒక పెద్ద కేక బయలుదేరింది. దాన్ని గొంతులోనే పట్టి, ఎడమ చేతి వీపు మీద కుడి పిడికిలి కూర్చోబెట్టి వెనక్కి చూపించింది. అలాంటి సైగ అంతకుముందు మగ్గం మాటలో లేదు. అయినా కోడలికి వెంటనే తెలిసింది. కోడలి చేతి వీపు మీద పిడికిలి కూర్చుంది, ఆ వెనక ఇంకో చేతి మీద, ఇంకో చేతి మీద, అలా పొగమంచులోకి పోయింది.

పిట్ట గొంతు ఉబ్బింది. ముక్కు తెరుచుకుని వణికింది. సైరనక్క దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎదుట నిలబడ్డ కొంగ పిట్టని చూడడం మానేసి ఆమెని చూశాడు. ఆ రోజు అరుగు మీద ఆమె ఆడిన అబద్ధం అతనికి అప్పుడే తెలుసేమో. మీసం ఎత్తలేదు. వంగి, రెయిలింగు మీద గోళ్ళతో కొట్టాడు. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత గబగబా జారుతూ, పల్చబడుతూ, ఆగిపోయేలా. ఆగి మళ్ళీ.

సైరనక్క రెయిలింగు మీద అరచెయ్యి ఆనించింది. కళ్ళు సగం మూసింది.

అచ్చం గులకరాళ్ళు దొర్లినట్టే ఉంది.

కోడలు అత్త మొహం చూసి తన అరచెయ్యి కూడా కర్రకి ఆనించింది. ఆమె వెనకామె ఆనించింది. మిల్లు సైరన్ ఇంకాసేపట్లో మోగుతుంది, గేటు మూస్తారు, అది అందరికీ తెలుసు. అయినా వరసంతా అలాగే రెయిలింగు మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కొంగ తల దించుకుని కొడుతూనే ఉన్నాడు.